పసుపు, ఇప్పనూనె, మన మొహం: కొంచెం చరిత్ర తెలుసుకుందాం



చాలా రోజుల నుంచి రాద్దామనుకుంటున్న పోస్టు ఇది. పెద్దదే, కానీ ఓపిగ్గా చివరిదాకా చదవండి. ముఖ్యంగా హాస్టళ్లలో ఉండే చెల్లెళ్లు, తమ్ముళ్లు చదవాలి. మొహానికి ఏం రాసుకోవాలి అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దాని వెనక మన అడవి కథ, సంత కథ, చట్టాల కథ అన్నీ ఉన్నాయి.

ముందు నా సంగతి చెప్తాను. మాది పాడేరు వైపు ఒక చిన్న ఊరు. డిగ్రీ మొదటి ఏడాది కోసం కిందకి, పట్నం హాస్టల్‌కి వెళ్లాను. అక్కడ నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ "కొండమ్మాయి" అని నవ్వుతూ పిలిచేవారు. ఫోటో తీసేటప్పుడు "నువ్వు వెనక్కి జరుగు, వెలుతురు సరిపోదు" అనేవారు. ఇలాంటివి మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. రెండు నెలలకే నేను ఒక మందుల షాపులో ఎవరో చెప్పిన క్రీము కొనుక్కున్నాను. డాక్టరు చీటీ అడగలేదు, నేను డబ్బా మీద అక్షరాలు చదవలేదు. మొదటి మూడు వారాలు మొహం నిజంగానే తేటగా అయ్యింది. అందరూ మెచ్చుకున్నారు. నాలుగో నెలకి ఎండలోకి వెళ్తే మంట, ఎర్రటి మచ్చలు, మొటిమలు. క్రీము మానేస్తే ఇంకా ఎక్కువయ్యేది. అందుకని మళ్లీ రాసేదాన్ని.

సెలవులకి ఇంటికి వెళ్తే అమ్మమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. "ఏమే పిల్లా, నల్లజీడి రసం గాని తగిలిందా?" అంది. క్రీము సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్క మాట అంది: "అడవిలో ఆకు తెంపాలంటే కూడా దాని పేరు తెలుసుకుని తెంపుతాం. నువ్వు పేరు తెలియకుండానే మొహానికి రాసుకున్నావా?"

తర్వాత పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ చూసి, అది స్టెరాయిడ్ కలిసిన క్రీము అని చెప్పారు. బాగవ్వడానికి ఏడాదికి దగ్గరగా పట్టింది. అమ్మమ్మ అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పేరు తెలుసుకుని వాడే మనుషుల పిల్లలం, పేరు తెలియని డబ్బాల దగ్గరికి ఎలా వచ్చాం? ఆ ప్రశ్న పట్టుకుని చదివినవి, పెద్దవాళ్లని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

అమ్మమ్మ దగ్గర ఏమున్నాయి

మా ఇంట్లో మొహానికి అని వేరే సామాను ఎప్పుడూ లేదు. తలకి వాడే కుంకుడుకాయ, కూరలో వేసే పసుపు, దీపానికీ వంటకీ వాడే ఇప్పనూనె, ఇవే ఒంటికి కూడా. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు ఏరుతారు. వానలు మొదలయ్యే రోజుల్లో కాయలు రాలితే లోపలి పలుకులు తీసి ఎండబెట్టి నూనె ఆడిస్తారు. చలికాలంలో ఆ నూనె గిన్నెలో గడ్డకట్టి వెన్నలా ఉంటుంది. లంబసింగి, చింతపల్లి వైపు చలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ చలికి బుగ్గలు, పెదాలు, మడమలు పగిలితే అమ్మమ్మ రెండు వేళ్లతో ఆ నూనె తీసి, అరచేతుల మధ్య కరిగించి రాసేది. మడమలకైతే తేనెమైనం కూడా కలిపేది.

పసుపు మనం పండించేదే. తవ్వి, ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి సంతకి తీసుకెళ్తాం. అందులోంచి నాలుగు కొమ్ములు ఇంటికి ఉంచుకుని రాతి మీద అరగదీసి పండగకీ పెళ్లికీ మొహానికి రాసేవారు. కుంకుడుకాయలో నురగ ఎందుకు వస్తుందంటే అందులో సాపోనిన్ అనే పదార్థం ఉంటుంది. సబ్బులాగే అది జిడ్డుని పట్టి నీళ్లలో కలుపుతుంది. కానీ అమ్మమ్మ కుంకుడు రసం మొహం మీద పడనిచ్చేది కాదు. కళ్లు మండుతాయని, చర్మం ఎండిపోతుందని. అంటే ఏది రాయాలి అనేదే కాదు, ఏది ఎక్కడ రాయకూడదు అనేది కూడా ఆ జ్ఞానంలో భాగమే.

నల్లజీడి సంగతి చూడండి. అది కూడా అడవి సరుకే, మందుల్లో వాడతారు, సంతలో కొంటారు. కానీ దాని గింజ పెచ్చులోని రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతాయి. ఒకప్పుడు బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి ఆ రసం వాడేవారు. కాబట్టి "సహజం అయితే మంచిదే, ఏం కాదు" అనే మాట మన పెద్దవాళ్లది కాదు. అది ప్రకటనల మాట. అడవిలో బతికిన వాళ్లు ఆ మాట ఎప్పుడూ అనరు.

అడవి మీద తాళం, సంతలో కుంచం

మరి ఈ సరుకు మన చేతుల్లోంచి ఎలా పోయింది? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఊరి అడవి అనుకున్నది రిజర్వు అడవి అయ్యింది. అందులో పోడు కొట్టడం, కట్టె తేవడం, కాయ ఏరడం అన్నీ అధికారి దయ మీద ఆధారపడ్డాయి. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట గాం దొరలు, మిగతా మన్యం వాళ్లు నడిచారంటే, అడవి మీద వచ్చిన ఈ ఆంక్షలు, రోడ్ల పనిలో కూలి ఎగ్గొట్టడం దానికి పెద్ద కారణాలు. మన పాఠ్య పుస్తకాల్లో పోలీసు స్టేషన్ల మీద దాడులు ఉంటాయి గానీ, అంతకుముందు నలభై ఏళ్లు అడవిలోకి వెళ్లిన ఆడవాళ్లు ఎంత భయపడుతూ బుట్ట నింపుకున్నారో ఉండదు.

రెండోది సంత. కింద నుంచి వచ్చే వ్యాపారులు ఉప్పు, బట్ట, ఎండుచేప తెచ్చి, బదులుగా చింతపండు, కుంకుడుకాయ, సీకాయ, తేనె, పసుపు తీసుకెళ్లేవారు. పెద్ద కుంచంతో కొని, చిన్న కుంచంతో అమ్మేవారని మా ఊరి ముసలివాళ్లు ఇప్పటికీ చెప్తారు. ముందే అప్పు ఇచ్చి పంట చేతికి రాకముందే ధర కట్టేవారు.

ఈ దోపిడీ ఆపడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అని పిలిచేది, మొదలైంది. అడవి సరుకు కొనడం, డీఆర్ డిపోల్లో బియ్యం, ఉప్పు, నూనె అమ్మడం దాని పని. 1979లో వచ్చిన రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులు కొనే హక్కు ఒక్క జీసీసీకే దక్కింది. దీనివల్ల వ్యాపారి మోసం కొంత తగ్గింది. తూకం, ధర బోర్డు మీదకి వచ్చాయి. కానీ ఇంకో సంగతి కూడా గమనించాలి. ఏళ్ల తరబడి మనం అమ్మింది కాయ, గింజ, బంక మాత్రమే. పొడి చేయడం, సబ్బు చేయడం, పేరు పెట్టడం, డబ్బాలో పెట్టడం, ఇవన్నీ కొండ దిగాకే జరిగాయి. తపసి బంకే తీసుకోండి. మనవాళ్లు చెట్టు గీసి తీసిన ఆ బంక విదేశాలకి వెళ్లి మందుల్లో, కట్టుడు పళ్లు అతికించే పొడుల్లో, క్రీములు చిక్కబడటానికి వాడే పదార్థాల్లో కలుస్తుంది. తీసినవాళ్లకి అది ఎక్కడికి పోతుందో కూడా తెలియదు.

సబ్బు, స్నో, ఫెయిర్‌నెస్

ఇటు సరుకు కిందకి దిగుతుంటే, అటు నుంచి డబ్బాలు పైకి వచ్చాయి. 1888లో ఇంగ్లండ్‌లో తయారైన సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. స్వదేశీ రోజుల్లో అర్దేశిర్ గోద్రెజ్ జంతువుల కొవ్వు లేకుండా మొక్కల నూనెలతో సబ్బు తీశాడు. 1919లో బొంబాయిలో ఆఫ్ఘన్ స్నో అనే మొహం క్రీము వచ్చింది. ఇంట్లో గిన్నెలో ఉండేది సీసాలోకి మారడం అలా మొదలైంది. అందులో తప్పేమీ లేదు. శుభ్రత అందరికీ అందుబాటులోకి వచ్చింది.

అసలు మార్పు 1975లో వచ్చింది. ఆ ఏడాది హిందుస్తాన్ లీవర్ ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మడం మొదలుపెట్టింది. అప్పటిదాకా క్రీము అంటే చర్మం పగలకుండా, మెత్తగా ఉండటానికి. ఇప్పుడు క్రీము అంటే నీ రంగు మార్చడానికి. అంటే నీ రంగులో ఏదో లోపం ఉందని ముందు నమ్మించాలి కదా. ప్రకటనల్లో ఒకటే కథ. నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు, పెళ్లి కాదు. క్రీము రాశాక రెండూ వస్తాయి. ఆ పిచ్చి అంతకుముందు లేదని కాదు. కులం, దొరతనం, ఎండలో పని చేయనక్కర్లేని ఇల్లు, ఇవన్నీ తెలుపుతో ముడిపడే ఉన్నాయి. కానీ ఇప్పుడది చిన్న ప్యాకెట్‌లో మన సంతలోకి కూడా వచ్చింది. అమ్మ పసుపు అమ్ముతున్న సంతలోనే కూతురు ఆ ప్యాకెట్ కొంటుంది.

దీని మీద దేశంలో పోరాటం కూడా జరిగింది. 2009లో చెన్నై నుంచి "డార్క్ ఈజ్ బ్యూటిఫుల్" ప్రచారం మొదలైంది. తర్వాత నటి నందితా దాస్ దానికి గొంతు కలిపారు. చివరికి 2020లో, అమెరికాలో నల్లజాతి వాళ్ల ఉద్యమం ప్రపంచమంతా పాకినప్పుడు, ఆ కంపెనీ క్రీము పేరులోంచి "ఫెయిర్" తీసేసి "గ్లో అండ్ లవ్లీ" అని మార్చింది. పేరు మారింది. హాస్టల్లో ఫోటో తీసేటప్పుడు అనే మాటలు మారాయా? మీరే చెప్పాలి.

అంతకంటే ప్రమాదం, పేరున్న కంపెనీలవి కాని కలగలుపు క్రీములు. నేను వాడింది అలాంటిదే. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూత మందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా చాలా చోట్ల అడగకుండానే ఇచ్చేస్తున్నారు. ఇంకొన్నిటిలో పాదరసం ఉంటుంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో తెల్లబడే క్రీములు వాడినవాళ్లకి కిడ్నీ జబ్బు రావడం డాక్టర్లు గుర్తించారు. మొహానికి రాసింది మొహం దగ్గరే ఆగదు.

పసుపు మాదే అని నిరూపించాల్సి వచ్చింది

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. 1995 మార్చిలో అమెరికా పేటెంట్ ఆఫీసు, మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లోని ఇద్దరు భారత సంతతి పరిశోధకుల పేరు మీద ఒక పేటెంట్ ఇచ్చింది. దేనికో తెలుసా? గాయం మానడానికి పసుపు వాడటానికి. మన ఊళ్లో కత్తి తెగితే చిన్న పిల్లాడు కూడా చేసే పని.

మన దేశం తరఫున సీఎస్ఐఆర్ దీన్ని సవాలు చేసింది. అప్పుడు దాని అధిపతి ఆర్.ఎ. మషేల్కర్. అక్కడివాళ్లు ఏమడుగుతారు? "ఇది ముందే తెలిసిన విషయమే" అనడానికి రాతపూర్వక సాక్ష్యం. సీఎస్ఐఆర్ పాత సంస్కృత గ్రంథాల దగ్గర నుంచి 1953లో ఒక భారతీయ వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం దాకా 32 ఆధారాలు పెట్టింది. 1997 ఆగస్టులో పేటెంట్ రద్దయింది. అందరం గెలిచాం అనుకున్నాం. నిజమే, గెలిచాం.

కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ 32లో మా అమ్మమ్మ లేదు. మీ నాయనమ్మ లేదు. పసుపు పండించి, అరగదీసి, గాయానికి రాసిన మనుషుల మాట సాక్ష్యం కాలేదు, ఎందుకంటే వాళ్లు రాయలేదు. పసుపు గురించి గ్రంథాల్లో ఉంది కాబట్టి సరిపోయింది. కొండలోని ఒక్క వాగు పక్కనే పెరిగే, మన ముసలమ్మలకి మాత్రమే తెలిసిన ఆకు సంగతి అయితే? దానికి ఏ గ్రంథం సాక్ష్యం చెప్తుంది? ఈ అనుభవం తర్వాత 2001లో దేశం సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలుపెట్టింది. మంచిదే. కానీ అందులో ఎక్కించింది ఆయుర్వేదం, యునాని, సిద్ధ లాంటి వైద్యాల పుస్తకాల్లో ఉన్నవి. నోటి మాటగా నడిచిన మన జ్ఞానానికి అక్కడ చోటు లేదు.

ఇంకోరకంగా కూడా జరగొచ్చని చూపించినవాళ్లు కేరళ అగస్త్యమల అడవుల్లోని కాణి ఆదివాసీలు. 1987లో అడవిలో తమతో నడిచిన శాస్త్రవేత్తలు అలసిపోతే, కాణి దారి చూపేవాళ్లు ఆరోగ్యపచ్చ అనే మొక్క కాయలు తినమని ఇచ్చారు. ఆ మొక్క నుంచి తిరువనంతపురంలోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ "జీవని" అనే మందు తయారు చేసింది. 1995లో ఆ హక్కుని కోయంబత్తూరు కంపెనీకి ఇచ్చినప్పుడు వచ్చిన రుసుములో, రాయల్టీలో సగం కాణి వాళ్లకి అని నిర్ణయించారు. 1997లో వాళ్లు తమ ట్రస్టు పెట్టుకున్నారు. తర్వాత గొడవలు వచ్చాయి, ఆశించినంత డబ్బు రాలేదు. అయినా "చెప్పినవాళ్లకి వాటా ఉంది" అనే మాట మొదటిసారి కాగితం మీదకి వచ్చింది అక్కడే.

చట్టంలో మనకి ఉన్నది

ఇది చాలామందికి తెలియదు. 2006 అటవీ హక్కుల చట్టం అంటే పోడు పట్టాలే అనుకుంటాం. కానీ సెక్షన్ 3(1)(సి) చూడండి. మనం తరతరాలుగా ఏరుకుంటున్న చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద, అంటే తేనె, మైనం, మందు మొక్కలు, దుంపలు లాంటి వాటి మీద యాజమాన్య హక్కు మనదే. ఏరుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం మూడూ. అదే సెక్షన్‌లో (కె) చూడండి. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద సమాజానికి హక్కు ఉందని రాసి ఉంది. అంతకుముందే 1996 పెసా చట్టం ఈ ఉత్పత్తుల యాజమాన్యం గ్రామసభకి ఉండాలంది.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అది ఊరివాళ్లని అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఏ మొక్క ఎక్కడ ఉంది, ఎవరు ఎలా వాడతారు అని. 2023లో ఈ చట్టాన్ని సవరించి, ఆయుర్వేదం లాంటి ప్రామాణిక గ్రంథాల్లో ఉన్న జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకి వాటా చెల్లింపు నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే గ్రంథాల్లో లేని, మన దగ్గర మాత్రమే ఉన్న జ్ఞానం విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. దాన్ని ఎవరికి, ఏ షరతు మీద చెప్పాలనేది ఊరు నిర్ణయించుకోవాలి.

ఇంతకీ మొహానికి ఏం రాయాలి?

ఇంత చదివాక ఈ ప్రశ్న వేస్తారని తెలుసు. నేను డాక్టర్ని కాదు. నాకు డాక్టరమ్మ చెప్పినవి, నేను నేర్చుకున్నవి చెప్తాను.

రోజుకి రెండుసార్లు మామూలు నీళ్లతో, మెత్తటి సబ్బుతో కడుక్కుంటే చాలు. చలికాలం పొడిబారితే ఏదైనా మంచి నూనె కొంచెం చాలు, కానీ మొటిమలున్న మొహానికి నూనె పట్టించకండి, ఇంకా పెరుగుతాయి. నిమ్మకాయ, తినే సోడా మొహానికి రుద్దకండి. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే చర్మం కాలి మచ్చలు పడతాయి. పసుపు కూడా అందరికీ పడదు. ముందు మోచేతి లోపల కొంచెం రాసి, ఒక రోజు చూసి అప్పుడు రాయండి. రంగు కలిపిన బజారు పొడి కాకుండా ఇంటి కొమ్ము వాడండి. ఎండలో పనికి వెళ్తే తలకి తువ్వాలు, గొడుగు. మచ్చ, దురద తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్ క్రీము ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా మానేయకుండా డాక్టరుకి చూపించి మానండి.

ఇంకో సంగతి. వీటిలో ఏదీ మిమ్మల్ని తెల్లగా చేయదు. చేయక్కర్లేదు కూడా. మన చర్మంలో ఎక్కువగా ఉన్న మెలనిన్ ఎండ నుంచి కాపాడే కవచం. తరతరాలు ఎండలో పనిచేసిన ఒంటికి అది అవసరమై వచ్చింది.

ఒక పని చేద్దాం

ఈ సంక్రాంతి సెలవులకి ఇళ్లకి వెళ్లినప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకెళ్లండి. అమ్మమ్మ, నాయనమ్మ పక్కన కూర్చుని అడగండి. ఏ ఆకు, మన భాషలో దాని పేరేంటి, ఏ నెలలో తెస్తారు, దేనికి వాడతారు, దేనికి వాడకూడదు. కువి, గదబ, పోర్జా, కోయ, గోండి, ఎవరి భాషలో పేరు అయితే అలాగే రాయండి, తెలుగులోకి మార్చకండి. ఆ వివరాలు ఫోటో తీసి ఈ గ్రూపులో గాని, ఇంకెక్కడైనా గాని పెట్టొద్దు. అందరూ చూసేచోట పెడితే ఎవరైనా తీసుకుపోవచ్చు. గ్రామసభలో పెట్టి, మీ పంచాయతీ కమిటీ రిజిస్టర్‌లో ఎక్కించమని అడగండి. కమిటీ లేకపోతే ఎందుకు లేదని అడగండి. గ్రూపులో మాత్రం "మా పంచాయతీలో రిజిస్టర్ ఉంది" లేదా "లేదు" అని ఒక్క ముక్క రాయండి చాలు. ఎన్ని ఊళ్లలో లేదో తెలిస్తే అందరం కలిసి అడగొచ్చు.

మా అమ్మమ్మకి ఇప్పుడు చూపు సరిగా లేదు. పోయిన సెలవుల్లో నేను అడుగుతుంటే ఆమె చేత్తో తడిమి, వాసన చూసి పేర్లు చెప్పింది. నలభై ఒకటి రాశాను. ఇంకా ఉన్నాయంది. మళ్లీ వెళ్లాలి.

జై ఆదివాసీ.